‘లలితకంబుప్రభా...’ కర్ణుడి జెండా మీద శంఖమా, ఏనుగా?

సీసమాలిక:
యుద్ధవిమానాల ముక్కు మీద బొమ్మలు వేసే అలవాటు ఎక్కడ మొదలైందో చదువుతుంటే, తిక్కన విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరుడికి కౌరవుల జెండాలు చూపించే సీసపద్యం గుర్తొచ్చింది. ద్రోణుడి వేదిక, అశ్వత్థామ సింహలాంగూలం (సింహపు తోక), కృపుడి గోవృషం (ఎద్దు) ఉన్న పాదాలు గుర్తొచ్చేశాయి. నాలుగో పాదం ‘లలిత... ప్రభాకలిత పతాకావిహారంబువాడు రాధాత్మజుండు’, అంటే కర్ణుడు. మధ్యలో ఏముంది?

గుంటూరు మేష్టారు:
‘కంబు’. శంఖం.

ధ్వజిని:
అంత తేలిగ్గా తేల్చేయకండి మేష్టారూ. వ్యాసుడి దగ్గర కర్ణుడి ధ్వజం నాగకక్ష్య, ఏనుగు నడుముకు కట్టే తాడు. సంస్కృత నిఘంటువుల్లో కంబువుకు ఏనుగు అనే అర్థమూ ఉంది. తిక్కన మూలాన్ని వదల్లేదు.

గుంటూరు మేష్టారు:
ఏనుగే కావాలంటే ‘లలితనాగప్రభా’ అనేవాడు. గణాలు చెక్కుచెదరవు, లలిత-కలిత ప్రాసయతీ అలాగే ఉంటుంది. పైగా పక్కన ‘ప్రభ’ ఉంది. తెల్లగా మెరిసేది శంఖమే కదా.

ధ్వజిని:
నాగ అంటే పాము అనుకోరూ? సీసం కింద వచ్చే గీతపద్యంలో దుర్యోధనుడిది మణిమయోరగం, మణుల పాము. రెండు పాములైతే ఉత్తరుడు ఎవరిని గుర్తుపడతాడు? అందుకే తిక్కన ‘నాగ’ జోలికి పోలేదు.

తూనీగ:
విమానాల సంగతి ఎవరూ అందుకోలేదు. ముక్కు బొమ్మల్లో మొదటిదిగా చెప్పేది 1913లో ఇటలీ ఫ్లయింగ్ బోటు (నీటి మీద దిగే విమానం) మీద వేసిన సముద్ర రాక్షసి. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ దేశపు పేరుమోసిన యుద్ధపైలట్ (ఏస్) ఫ్రాంచెస్కో బరాక్కా తన విమానం మీద ముందుకాళ్లు లేపిన గుర్రాన్ని వేయించుకున్నాడు. ఆయన అశ్వికదళం నుంచి వచ్చినవాడు. 1918 జూన్‌లో ఆయన పోయాడు. ఆ గుర్తును కార్ల మీద పెట్టుకోమని 1923లో ఎంజో ఫెరారీకి చెప్పింది ఆయన తల్లి. నా లెక్కలో ఇది అచ్చమైన ధ్వజం, ఒక వీరుడి సొంత గుర్తు.

సొరచేప నోరు అలా కాదు. జర్మన్ల మెస్సర్‌ష్మిట్ 110 యుద్ధవిమానాల మీద ఉన్నదాన్ని చూసి ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ 112 స్క్వాడ్రన్ తమ టోమహాక్ విమానాల మీద వేసుకుంది. వాళ్ల విమానాల ఫొటో చూసి 1941లో బర్మాలో ఉన్న అమెరికన్ పైలట్ల దళం ఫ్లయింగ్ టైగర్స్ వేసుకున్నారు. శత్రువు బొమ్మనే తీసుకున్నారంటే, అది ఎవరో గుర్తుపట్టడానికి కాదు, భయపెట్టడానికి. మెంఫిస్ బెల్ లాంటి బాంబర్ల మీద అమ్మాయిల బొమ్మలైతే ఇంకో దారి, సిబ్బంది తమ కోసం వేసుకున్నవి. వీటిని ధ్వజాలతో కలపకూడదు.

సీసమాలిక:
బరాక్కా వరకు ఒప్పుకుంటాను. భయపెట్టే ధ్వజాలు మాత్రం మనకూ ఉన్నాయి, అర్జునుడి కపి అరుపు మరిచిపోయారా?

గుంటూరు మేష్టారు:
ఈ పద్యంలో అసలు అందం ఎవరూ చెప్పలేదు. ఆరుగురు వీరులు, జెండాకు ఆరు మాటలు: కేతనం, కేతువు, ధ్వజం, పతాక, పడగ, సిడము. అందులో పడగ వెళ్లి పామున్న దుర్యోధనుడికే పడింది! నెల్లూరులో మనుమసిద్ధి మంత్రిగా సైన్యాలను దగ్గర్నుంచి చూసినవాడికి గాని ఇలా కుదరదు.

ధ్వజిని:
ఒప్పుకుంటాను మేష్టారూ. అంత తూచి వేసినవాడు ‘కంబు’ను ఊరికే వేస్తాడా? పాత టీక ఉన్న ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి.