ఫ్లాట్ రాక్‌లో కార్ల్ శాండ్‌బర్గ్ ఇల్లు, మేకల ఫామ్: పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా?

షార్లెట్ కోడలు:
అందరికీ నమస్తే. మా అత్తయ్యగారు, మామయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. మామయ్యగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు, కవిత్వమంటే ప్రాణం. మాల్స్, బీచ్ అన్నీ తిప్పాం గానీ ఆయనకి ఏదీ పెద్దగా ఎక్కలేదు, విజయనగరంలో గురజాడ వారి ఇల్లు చూసిన సంగతి మాత్రం ఇప్పటికీ చెప్తుంటారు, ఇక్కడ కూడా అలా కవుల ఇళ్ళు దాచిపెట్టారా అమ్మా అని అడిగారు. వెతికితే నార్త్ కరొలైనాలో ఫ్లాట్ రాక్ అనే ఊళ్ళో అమెరికన్ కవి శాండ్‌బర్గ్ ఇల్లు కనపడింది, కానెమారా అంటారట, మాకు రెండు గంటల డ్రైవ్. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, అక్కడ నడక ఎంత ఉంటుంది? మా ఆరేళ్ళ బాబుకి బోర్ కొడుతుందా? మామయ్యగారు ఈ కవిని ఎప్పుడూ చదవలేదు, అయినా వెళ్తే ఏమన్నా ఉపయోగం ఉంటుందా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కొండదారి:
నిరభ్యంతరంగా వెళ్ళండి అండీ. కాకపోతే నడక సంగతి ముందే తెలుసుకుని వెళ్ళాలి. పార్కింగ్ కింద చెరువు దగ్గర ఉంటుంది, ఇల్లు పైన గుట్ట మీద, మధ్యలో మైలులో మూడో వంతు దాకా ఎత్తుకి ఎక్కాలి. మామూలువాళ్ళకి ఏం కాదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మాత్రం కష్టమే. నడవలేనివాళ్ళ కోసం షటిల్ ఉంటుంది, బయల్దేరే ముందు ఫోన్ చేసి ఆ రోజు నడుస్తోందో లేదో కనుక్కోండి. ఇంట్లో మెట్లున్నాయి, ఆ సంగతి కూడా అప్పుడే అడిగేయండి. పార్క్‌లోకి, మేకల దొడ్డి దగ్గరికి వెళ్ళడం ఫ్రీ, ఇంటి లోపల గైడెడ్ టూర్‌కి మాత్రం టికెట్ తీసుకోవాలి. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను ఆ ఏరియాని బాగా దెబ్బ తీసింది, చెట్లు చాలా పడిపోయాయి, కాబట్టి గ్లాసీ కొండ ట్రయిల్ ఎక్కుదామనుకుంటే ఏది ఓపెన్‌లో ఉందో పార్క్ సర్వీస్ సైట్‌లో చూసుకుని వెళ్ళండి.

వీకెండ్ రైడర్:
నా మాట వింటే ఆషెవిల్‌లో బిల్ట్‌మోర్ అనే పెద్ద మహల్ ఉంది, దానికి తీసుకెళ్ళండి. ఇది ఒక పాత ఇల్లు, పాత కుర్చీలు, పుస్తకాలు, అంతే. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి చూపించడానికి ఏముంది ఇందులో?

పాత పుస్తకం:
వీకెండ్ రైడర్ గారూ, బిల్ట్‌మోర్ బాగుంటుంది, కాదనను, కానీ ఆవిడ అడిగింది తెలుగు మాస్టారి కోసం. ఆయనకి ఆ పాత కుర్చీలూ పుస్తకాలే కావాలి.

కోడలు గారూ, మీ మామయ్యగారికి కారులోనే కొంచెం కథ చెప్పండి, అప్పుడు అక్కడ ప్రతి గదీ ఆయనతో మాట్లాడుతుంది. శాండ్‌బర్గ్ స్వీడన్ నుంచి వలసొచ్చిన కూలీ కుటుంబంలో 1878లో ఇల్లినాయ్‌లో పుట్టాడు, చదువు మధ్యలో ఆపేసి దొరికిన పనల్లా చేశాడు, తర్వాత షికాగోలో పేపర్లకి రాస్తూ ఆ ఊరి కార్మికుల మీద, కబేళాల మీద, రైళ్ళ మీద ఛందస్సు లేకుండా కవిత్వం రాశాడు. శ్రీశ్రీనీ కుందుర్తినీ చదువుకున్న మనిషికి ఇంతకంటే పరిచయం అక్కర్లేదు. పొగమంచు మీద ఆయనది ఆరు లైన్ల కవిత ఒకటుంది, మంచు పిల్లిలా వచ్చి కూర్చుని వెళ్ళిపోతుంది, అంతే కవిత. మీ బాబుకి కూడా వినిపించండి, పిల్లలకి వెంటనే పట్టుకుంటుంది.

ఇక ఇల్లు. 1945లో అరవై ఏడేళ్ళ వయసులో మిషిగన్ నుంచి ఇక్కడికి మారాడు, 1967లో ఇక్కడే పోయాడు. ఆయన పోయాక భార్య ఇంటిని గవర్నమెంట్‌కి అప్పగిస్తూ సామానంతా దాదాపు ఎక్కడిదక్కడ వదిలేసింది, అందుకే అది మ్యూజియంలా ఉండదు. అద్దాల పెట్టెల్లో పెట్టి దీపాలు వేసిన వస్తువులు కాదు, వాడుకున్న వస్తువులు వాడుకున్నట్టే ఉంటాయి. పది వేలకి పైగా పుస్తకాలు, ఏ గదిలోకి వెళ్ళినా గోడల నిండా అరలే, కొన్నింట్లో ఆయన గుర్తు కోసం పెట్టుకున్న కాగితం ముక్కలు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. పైన ఆయన రాసుకునే గదిలో టైప్‌రైటర్ ఉంటుంది, దాని కింద బల్ల కాదు, నారింజ పళ్ళు వచ్చే చెక్క పెట్టె. మూడుసార్లు పులిట్జర్ బహుమతి వచ్చినాయన అండీ! రాత్రంతా రాసి తెల్లారాక పడుకునేవాడట. నేను టూర్‌లో అందరూ ముందుకెళ్ళిపోయాక కూడా ఆ గుమ్మం దగ్గర ఆగిపోయాను, గైడ్ పిలిస్తే గానీ కదల్లేదు.

ఇంకో సంగతి తప్పకుండా చెప్పండి. ఈ ఇల్లు 1838 ప్రాంతంలో కట్టించింది మెమ్మింజర్ అనే ఆయన, సివిల్ వార్‌లో బానిసత్వం ఉండాలని విడిపోయిన దక్షిణాది కాన్ఫెడరేట్ వాళ్ళకి ఖజానా మంత్రి, ఈ ఎస్టేట్‌లో పనిచేసింది బానిసలు. బానిసత్వాన్ని తీసేసిన లింకన్ జీవితాన్ని ఆరు వాల్యూములు రాసినాయన చివరికి వచ్చి కాపురం ఉన్నది ఆ ఇంట్లో! నాకు దీని గురించి ఎంతసేపు ఆలోచించినా తీరదు. టూర్‌లో ఈ ముక్క తొందరగా దాటేస్తే మీరే ఆపి అడగండి, మెమ్మింజర్ రోజుల్లో అక్కడ ఎవరెవరు బతికారో తెలియకుండా ఆ ఇల్లు సగమే చూసినట్టు.

షార్లెట్ కోడలు:
పాత పుస్తకం గారూ చాలా థ్యాంక్స్ అండీ, ఇదంతా మామయ్యగారికి చదివి వినిపించాను, లింకన్ దగ్గర మళ్ళీ చదవమన్నారు. వెళ్ళడం ఖాయం. ఈ మేకల గొడవ ఏంటి, కవికి మేకలెందుకు? బాబు దాని గురించే అడుగుతున్నాడు.

పాడి పంట:
మేకలు కవిగారివి కావు అండీ, ఆయన భార్యవి! అందరూ కవి ఇల్లు అంటారు గానీ అసలు ఆ కుటుంబం ఇంత దూరం మారిందే ఆవిడ మేకల కోసం. ఆవిడ పేరు లిలియన్, ఇంట్లో పౌలా అని పిలిచేవాళ్ళు, పెద్ద ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్‌కి చెల్లెలు. మిషిగన్‌లో చలికాలం ఎక్కువ, మేతకి ఇబ్బంది, ఇక్కడైతే చలి తక్కువ, పచ్చిక ఎక్కువ, అందుకని ఇంత పెద్ద చోటు ఎంచుకున్నారు. ఊరికే ముచ్చటకి పెంచింది కాదు, ఏ మేక ఎన్ని పాలిస్తోంది, ఏ మేకని ఏ పోతుతో కలిపితే పుట్టే పిల్లలు బాగుంటాయి అని లెక్కలు రాసుకుంటూ చేసిన పని, పాడి మేకలవాళ్ళలో ఆవిడకి సొంతంగా పేరుంది. ఆయన రాత్రి రాసి పొద్దున పడుకుంటే ఆవిడ పొద్దున లేచి మంద చూసుకునేది. నన్నడిగితే ఇంటి టూర్‌కి ఎంత టైమ్ ఇస్తారో దొడ్డికీ అంతే ఇవ్వండి, చాలామంది పిల్లలకి ఫోటో తీసేసి వచ్చేస్తారు, అదే బాధ నాకు.

ఇప్పుడు ఉన్నది చిన్న మంద, ఆవిడ పెంచిన మూడు జాతులే. తెల్లగా ఉండేవి సానెన్, గోధుమ రంగు ఒంటికి మొహం మీద రెండు తెల్ల చారలుంటే టోగెన్‌బర్గ్. మూడోది నూబియన్, పొడుగ్గా వేలాడే చెవులు, ముక్కు కొంచెం వంపు. మామయ్యగారికి ఈ నూబియన్‌ని దగ్గరగా చూపించండి, ఈ జాతిని ఇంగ్లండ్‌లో తయారు చేసినప్పుడు మన జమునాపారి మేకపోతుల్ని కూడా వాడారు, ఆ చెవులు చూస్తే మీకే తెలిసిపోతుంది. మేం ఊళ్ళో మేకలు పెట్టుకున్నవాళ్ళం, నాకైతే చుట్టాన్ని చూసినట్టే అనిపించింది. వసంతంలో వెళ్తే పిల్లలు కూడా ఉంటాయి. బాబుని నిమరనిస్తారు, ఇంటి నుంచి తినడానికేమీ తెచ్చి పెట్టొద్దు, వాటికి పడదు. కుక్క ఉంటే దొడ్డిలోకి రానివ్వరు.

ఒక ఐడియా: అత్తయ్యగారికి ఇంటి మెట్లు ఇబ్బంది అయితే మామయ్యగారిని టూర్‌కి పంపి మీరు, బాబు, అత్తయ్యగారు దొడ్డి దగ్గర ఉండండి, ఇంటి వెనకే. దొడ్డి కొన్ని గంటలే తెరుస్తారు, టూర్ టికెట్ టైమ్ దాన్ని బట్టి తీసుకోండి.