కథ లేని మూకీలో మార్కులు బొమ్మకా, సంగీతానికా?

రీలుపెట్టె:
జిగా వెర్టోవ్ 1929లో తీసిన సోవియట్ మూకీ ‘మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా’ రాత్రి చూశాను. కథ, నటులు, సెట్లు ఏవీ ఉండవని, మధ్యలో అక్షరాల కార్డులు కూడా రావని మొదట్లోనే చెప్పేస్తాడు. కెమెరామన్ ఊళ్ళు తిరుగుతూ కనిపించినదల్లా తీస్తుంటాడు, అంతే. కదలకుండా కూర్చుని చూశాను. ఒకటే అనుమానం. నేను చూసిన కాపీకి ఉన్నది మైకేల్ నైమన్ 2002లో చేసిన సంగీతం. మరి నన్ను కూర్చోబెట్టింది సినిమానా, డెబ్భై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన ఆ సంగీతమా?

సూటిమాట:
అనుమానమెందుకు, సంగీతమే. ట్రాములు, యంత్రాలు, ఈత కొట్టే జనం. వీటిలో ఏముందండీ? నా సెలవుల వీడియోకి ఆ ట్యూన్ తగిలించినా మా ఇంట్లోవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు.

సవ్వడి:
నేను మ్యూట్‌లో చూశాను. మొదటి పావుగంట నరకం, ఒప్పుకుంటాను. తర్వాత ఒకచోట బండి లాగుతున్న గుర్రం పరుగు మధ్యలో టక్కున ఆగి ఫోటో అయిపోతుంది. ఆ వెనకే కొన్ని మొహాలు, అవీ కదలవు. కాసేపటికి అలాంటి బొమ్మలే ఫిల్మ్ ముక్క మీద, అంచున రంధ్రాలతో సహా కనిపిస్తాయి. వాటిని చేత్తో పట్టుకుని చూస్తున్నది ఎడిటర్ ఎలిజవేటా స్విలోవా, వెర్టోవ్ భార్య. మనం చూస్తుండగానే ముక్కలోని పసివాడి మొహంలో కదలిక వస్తుంది. ఒళ్ళు జలదరించింది. అప్పుడు గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

సూటిమాట:
బాగుంది, కానీ అది గారడీ. సాటి సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టీన్ అంతటివాడే దీన్ని అర్థంపర్థం లేని కెమెరా అల్లరిగా కొట్టిపారేశాడు. ఇంకో మాట. మూకీల రోజుల్లో కూడా హాల్లో ఎవరో ఒకరు వాయించేవాళ్ళు. మ్యూట్‌లో చూడటం ఏ కాలం పద్ధతి?

సవ్వడి:
ఆ రెండో మాట నిజమే. వెర్టోవ్ స్వయంగా సంగీతం కోసం నోట్స్ రాసిపెట్టుకున్నాడు. 1995లో అలాయ్ ఆర్కెస్ట్రా అనే వాద్యబృందం వాటి ఆధారంగానే సంగీతం కట్టింది, అందులో సైరన్లు, పసిపిల్లల ఏడుపు కూడా వినిపిస్తాయి. సినిమాటిక్ ఆర్కెస్ట్రావాళ్ళది జాజ్. ఇన్ని రకాల సంగీతాలను మోసిందంటే బొమ్మకు ఎంతో కొంత వెన్నెముక ఉన్నట్టేగా? ఇక గారడీ అంటారా, ఆ గారడీ ఎలా చేశాడో కూడా అందులోనే చూపించేశాడు. గారడీవాడు ఆ పని చేస్తాడా?

రీలుపెట్టె:
ఇప్పుడే చివరి భాగం మ్యూట్‌లో చూసి వచ్చాను. ఒకాయన చెంచాలతో సీసాల మీద వాయిస్తుంటాడు. చెంచాలు, చేతులు, నవ్వే మొహాలు ఒకదాని మీద ఒకటి పడుతూ, కట్స్ అంతకంతకూ వేగం పెంచి ఇక కన్ను అందుకోలేని చోటికి వెళ్తాయి. మధ్యలో చూసుకుంటే నా కాలు తాళం వేస్తోంది. నైమన్ గారికి అందులో వాటా లేదు.

సూటిమాట:
సరే, ఆ చెంచాల సీను మీకిచ్చేశాను. మిగతా గంట మీద మాత్రం నా మాట నాదే. ఇంతకీ కెమెరా స్టాండు తనంతట తాను నడిచే సీను ఒకటి ఉందంటారు కదా, అది ఎన్నో నిమిషంలో? మ్యూట్‌లోనే చూస్తాను లెండి.