ప్రయాన్ ప్రోటీన్‌కు మెదడు రోగనిరోధకతలో పాత్ర ఏమిటి?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, నల్లగొండ): ప్రయాన్ అనే ప్రోటీన్ తప్పుగా మడతపడటం వల్ల వచ్చే ప్రయాన్ వ్యాధిలో మెదడు తూట్లు పడుతున్నా జ్వరం గానీ, యాంటీబాడీలు గానీ ఎందుకు కనిపించవు? ఆరోగ్యవంతుల్లో ఈ ప్రోటీన్ చేసే పని ఏమిటి?

జవాబు (పశువైద్యుడు, మహబూబ్‌నగర్): ఇది 20వ క్రోమోజోమ్‌పై ఉన్న జన్యువు ద్వారా మన శరీరమే తయారుచేసుకునే ప్రోటీన్ కనుక, మడత మారినా అమైనో ఆమ్లాల వరుస మారనందున, రోగనిరోధక వ్యవస్థ దానిని పరాయిదిగా గుర్తించదు. గొర్రెలకు వచ్చే స్క్రేపీలోనూ ఇంతే.

జవాబు (అధ్యాపకురాలు, మిర్యాలగూడ): అయితే మెదడు ఊరకే ఉండదు, మైక్రోగ్లియా (మెదడులోని రోగనిరోధక కణాలు), ఆస్ట్రోసైట్లు (నాడీకణాలకు ఊతమిచ్చే కణాలు) ఉత్తేజితమై వాపు (ఇన్‌ఫ్లమేషన్) కలుగుతుంది. మైక్రోగ్లియాను తొలగించిన చిట్టెలుకల్లో వ్యాధి మరింత వేగంగా ముదిరింది కనుక, ఆ వాపును పూర్తిగా అణచడం మేలని నేననుకోను. ఇక రెండో ప్రశ్నకు వస్తే, ఈ ప్రోటీన్ లేని చిట్టెలుకలకు స్క్రేపీ సోకదని 1993లోనే తేలింది గానీ, వాటికి మెదడులో రక్తప్రసరణ ఆగినప్పుడు గాయం పెద్దదవుతుంది; అంటే అలాంటి గాయం నుంచి మెదడును కాపాడటం ఈ ప్రోటీన్ పనుల్లో ఒకటి కావచ్చు.