అప్‌డేట్: ఎర్రచందనం కేసులో నిందితుడు చిన్ననాటి స్నేహితుడైతే కానిస్టేబుల్ ఏం చేయాలి?

సిద్ధవటం బడిలో నా పక్కన కూర్చుని చదువుకున్న స్నేహితుడు, లంకమల అడవి నుంచి ఎర్రచందనం దుంగలు తరలించిన కేసులో నేను పనిచేసే స్టేషన్‌కే నిందితుడిగా వచ్చినప్పుడు, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పనికొచ్చింది రిటైర్డ్ ఎస్సై గారి సలహా: పరిచయం సంగతి నోటిమాటగా కాక రాతపూర్వకంగా తెలియజేయడం. సీఐ గారు నా అర్జీని రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా సంతకం చేసి, ఎస్కార్టు, పంచనామా పనుల నుంచి నన్ను తప్పించారు. బదిలీ కోరవలసిన అవసరం రాలేదు. అతనికీ నాకూ మధ్య నడిచిన పాత ఫోన్ కాల్స్ వల్ల నన్నూ అనుమానిస్తారేమోనని పడిన భయం కూడా అనవసరమేనని తేలింది. దర్యాప్తు అధికారి వాటి గురించి అడిగి, నా వాంగ్మూలం నమోదు చేసుకున్నారు, అంతే.

జామీను నేనే ఉండాలని అతని తల్లి పట్టుబట్టారు. అది కుదరదని చెప్పి, 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుందని వివరించి, కడపలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపాను. ఆమె అక్కడ వేలిముద్ర వేసి ఇచ్చిన దరఖాస్తుతోనే న్యాయవాదిని నియమించారు, ఆ తర్వాత షరతులతో బెయిలు వచ్చింది. ఊళ్లో మాత్రం సగం మంది నేనే పట్టించానని, మిగతా సగం నేనే విడిపించానని అనుకుంటున్నారు. అతను స్టేషన్‌కు సంతకానికి వచ్చే రోజున నాకు బయటి బందోబస్తు వేస్తున్నారు.