గోయా, పికాసో గీశారు కాబట్టి బుల్‌ఫైట్ ఉండాల్సిందేనా?

కృష్ణాతీరం:
స్పెయిన్ 2013లో చట్టం చేసి మరీ బుల్‌ఫైట్‌ను సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. అక్కడి కాటలోనియా ప్రాంతం 2010లో తెచ్చిన నిషేధాన్ని 2016లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. సమర్థించేవాళ్లు ముందుగా ఎత్తేది చిత్రకారులు గోయా, పికాసో, కవి లోర్కా పేర్లే. ఆ వాదన నిలుస్తుందంటారా?

నల్లరేగడి:
నిలుస్తుంది. 1934 ఆగస్టులో ఇగ్నాసియో సాంచెజ్ మెహియాస్ అనే మెటడార్‌ను (ఎద్దుతో తలపడి చివరికి దాన్ని కత్తితో చంపేవాణ్ని) బరిలో ఎద్దు పొడిచింది, రెండు రోజులకు చనిపోయాడు. ఆ స్నేహితుడి మీద లోర్కా రాసిన విలాపంలో "సాయంత్రం ఐదు గంటలకు" అన్న మాట గంట కొట్టినట్టు పదేపదే వస్తుంది. బరి లేకపోతే ఆ కవిత ఎక్కడిది?

చిత్రలేఖ:
నల్లరేగడి గారూ, అదే కవితలో ఇసుక మీది ఆ రక్తాన్ని చూడలేనని లోర్కా మొత్తుకుంటాడు. ఆ ఏడుపును తెచ్చి బరికి సర్టిఫికెట్‌గా చూపించడం అన్యాయం.

గోయాకు బుల్‌ఫైట్ అంటే ఇష్టమే, కాదనను. కానీ బుల్‌ఫైట్ మీద 1816లో ఆయన వెలువరించిన 33 ఎచింగ్‌లలో (లోహపు రేకు మీద గీసి అచ్చువేసే బొమ్మల్లో) 21వది తీసి చూడండి. మాడ్రిడ్ బరిలో ఎద్దు ప్రేక్షకుల మధ్యకు దూకేసింది. టొర్రెహోన్ మేయర్ దాని కొమ్ములకు వేలాడుతున్నాడు. జనం ఒకరి మీద ఒకరు పడుతూ కుడివైపే కిక్కిరిసిపోయారు. ఎడమ సగం దాదాపు ఖాళీ. ఆ గందరగోళంలో కదలకుండా నిలబడింది ఎద్దు ఒక్కటే. ఇందులో మెటడార్ వీరత్వం ఎక్కడుంది?

పికాసో సంగతీ అంతే. ఆయన 1881లో మలగాలో పుట్టాడు. గుర్రం మీద నుంచి ఎద్దును ఈటెతో పొడిచే పికడోర్లు ఎక్కే గుర్రాలకు మందపాటి కవచం తప్పనిసరి అయింది 1928లో. అంతకుముందు ఎద్దు కొమ్ము తగిలి గుర్రాల పేగులు బయటపడటం మామూలే. పిల్లాడిగా ఆయన చూసింది ఆ బరినే. గెర్నికా ఊరి మీద బాంబులు పడ్డాక ఆయన వేసిన 'గెర్నికా' బొమ్మ మధ్యలో ఈటె దిగి నోరు తెరిచి అరుస్తున్న గుర్రం అక్కడి నుంచే వచ్చిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆ బొమ్మ గొప్పది కాబట్టి ఆ ఊరి మీద మళ్లీ బాంబులు వేయమని ఎవరూ అడగరు కదండీ!

నల్లరేగడి:
బాంబులు వేయడాన్ని ఎవరూ కళగా సాధన చేయరు. మెటడార్ ఏళ్ల తరబడి చేస్తాడు. పైగా మీరు 21వ బొమ్మ ఒక్కటే చూపిస్తే ఎలా? దాని ముందుదాంట్లో హువానితో అపిన్యాని అనే బుల్‌ఫైటర్ కర్ర ఊతంతో ఎద్దు మీదుగా గాల్లోకి లేస్తాడు. అది ఆరాధన కాదా?

చిత్రలేఖ:
ఆరాధనే. ఆ ఒడుపు చూస్తే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ దూకడంలో ఎద్దుకు కత్తి దిగలేదు. ఫ్రాన్స్‌లోని లాండ్ ప్రాంతంలో ఇప్పటికీ ఎదురొచ్చే ఆవుల మీదుగా దూకే పోటీలు జరుగుతాయి, వాటిని చంపరు. మీరన్న సాధన, తెగువ, ప్రాణాపాయం అన్నీ అక్కడా ఉన్నాయి. కత్తి తీసేస్తే వీటిలో ఏది పోతుందో చెప్పండి.