అంగన్‌వాడీ సరుకులు, పాలపళ్లు: ఒక సందేహం

ప్రశ్న (కళ్యాణదుర్గం): మా పాపకు రెండేళ్లు. ముందుపళ్ల మీద, చిగురును ఆనుకొని, సున్నం గీసినట్టు తెల్లని చార కనిపిస్తోంది. నేను మళ్లీ గర్భవతిని కావడంతో అంగన్‌వాడీలో నాకిచ్చే బెల్లం, చిక్కీ పాప కూడా తింటోంది. వాటివల్లే ఇలా అయిందని మా అత్తగారు అంటున్నారు. ఆ సరుకులు తెచ్చుకోవడం మానేయాలా?

జవాబు (అంగన్‌వాడీ కార్యకర్త, కడప): మానవద్దమ్మా. కడుపులోని బిడ్డకు నాలుగో నెల నుంచే పాలపళ్లు గట్టిపడటం మొదలవుతుంది కనుక, గుడ్డు, పాలు, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండే రాగిపిండి ఇప్పుడు మీకు చాలా అవసరం. పాపకు అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండిలోనూ చక్కెర ఉంటుంది కాబట్టి దాన్ని ఒక పూట భోజనంగా పెట్టి, తర్వాత నీళ్లు తాగించండి.

జవాబు (దంతవైద్యురాలు, కర్నూలు): ఆ చార పుచ్చుకు తొలి గుర్తు కావచ్చు. తీపి ఎంత తిన్నారన్నదానికన్నా రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదే పళ్లను ఎక్కువగా దెబ్బతీస్తుంది. చిక్కీ జిగురుగా అంటుకుంటుంది సరే, నా అనుమానం మాత్రం రాత్రి పాలసీసా మీద. బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజూ రెండుసార్లు మీరే తోమి, త్వరగా దంతవైద్యులకు చూపించండి. గుంట పడకముందైతే ఆ చారను అక్కడే ఆపవచ్చు.

జవాబు (గుంతకల్లు): నీళ్లలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువైనా పళ్ల మీద తెల్లచారలు రావచ్చు. మీరు తాగేది బోరునీళ్లయితే ఆ నీళ్లకు ఫ్లోరైడ్ పరీక్ష కూడా చేయించండి, మన జిల్లాలో ఆ బెడద పాతదే.

ప్రశ్న అడిగినవారు: పాలసీసా నిజమేనండీ, పంచదార కలిపి ఇస్తేగాని పాప నిద్రపోదు.