ధ్యానం చేస్తే నా మీద నాకు నమ్మకం వస్తుందా?

ప్రశ్న:
ఎవరేం అడిగినా ముందు సరే అనేసి, తర్వాత లోపల కుమిలిపోయే రకం నేను. చిన్న నిర్ణయానికి కూడా పదిమందిని అడగాలి. రెండు నెలలుగా రోజూ 20 నిమిషాలు ధ్యానం చేస్తున్నా, మనసు నెమ్మదించింది గానీ ఈ గుణం మాత్రం పోవట్లేదు. ఎక్కడ తేడా కొడుతోంది?

జవాబు 1:
ధ్యానం మీ బదులు ‘కాదు’ అని చెప్పదు కదా! సరే అనేముందు ఒక్క శ్వాస పూర్తిగా వదిలి, పొట్టలోనో గొంతులోనో బిగుతు ఉందేమో గమనించండి. ఉంటే ‘ఆలోచించి చెప్తా’ అనండి, చాలు.

జవాబు 2:
ఆ బిగుతు ప్రతిసారీ నిజం చెప్పదండీ, ఒక్కోసారి అది ఉత్త భయమే. నేనైతే ఆసనాల దగ్గరే నేర్చుకున్నా. పశ్చిమోత్తానాసనంలో, అంటే కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే ఆసనంలో, పక్కవాళ్లను చూసి పాదాలు అందుకోబోయి నడుము పట్టేసింది, ఇప్పుడు మోకాళ్లు మడిచి ఎంత వస్తే అంతే వంగుతున్నా, సిగ్గేం లేదు. యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన 5 యమాల్లో, అంటే నడవడికి పెట్టుకునే కట్టుబాట్లలో, సత్యం రెండోది, దానికి ముందుండేది అహింస. మనకు మనం అబద్ధం చెప్పుకోకూడదు, అలాగని తిట్టుకోనూ కూడదు అని నేను అర్థం చేసుకున్నా.

ప్రశ్న అడిగినవారు:
నిన్న ‘ఆలోచించి చెప్తా’ అన్నా. చేతులు వణికాయి గానీ అవతలివాళ్లు మామూలుగానే తలూపి వెళ్లిపోయారు!